అకారం దాటని ఆశయం: కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు

పల్నాటిలో దాచేపల్లి పరిసరాల నేలకు అడుగున సున్నపురాయి పరచుకొని ఉన్నది. ఇండ్లలో పరచుకొనే నాపరాళ్ళు ఆ నేలనుంచే వస్తాయి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, ఆ చుట్టుపట్ల ఉన్న సిమెంటు కర్మాగారాలు ఆ రాతిని నమ్ముకొని వెలసినవే. ఆ సీమలో రసాయనశాస్త్రం బోధించే ఉపాధ్యాయునికి ఇంతకంటె భాగ్యం వేరే అక్కరలేదు. బడి ఆవరణలో దొరికిన ఒక రాతిముక్క మీద నాలుగు చుక్కల సజల హైడ్రోక్లోరికామ్లం వేస్తే బుసబుసమని నురుగు వస్తుంది. అదే రాయి బట్టీలో కాలితే గుల్లసున్నం అవుతుంది. దానిపై నీళ్ళు చల్లితే వేడెక్కి, ఆవిరి చిమ్మి, పిండి పిండి అయి రాలుతుంది. సున్నం కలిపి తేర్చిన నీటిలో ఒక గొట్టంతో ఊపిరి ఊదితే ఆ నీరు పాలవలె తెల్లబడుతుంది. గోడకు పూసిన సున్నం గాలిలోనుంచి ఆ వాయువునే తిరిగి గ్రహించి మళ్ళీ రాయిగా మారుతుంది. నూరు పాళ్ళ శుద్ధమైన సున్నపురాయి కాలితే 56 పాళ్ళ సున్నం మిగులుతుంది. 44 పాళ్ళు వాయువై పోతుంది. బట్టీ యజమాని ఈ లెక్కను తన అనుభవం చేత ఎరిగినవాడే. పిల్లవాని తండ్రి ఆ బట్టీలోనే పనిచేస్తూ ఉండవచ్చును.

ఈ పాఠానికి కావలసిన సామగ్రి అంతా ఊరిలోనే ఉన్నది. చిక్కు వచ్చేది ఆ తరువాత. నురుగును చూచి పిల్లవాడు వేసే మొదటి ప్రశ్నకు పాఠ్యపుస్తకం సమాధానం చెబుతుంది. రెండవ ప్రశ్నకు చెప్పదు. రాయి ఎందుకు గాలిని దాచుకొన్నది? ఆ గాలి రాతిలోకి ఎప్పుడు పోయింది? ఇది పుట్టేటప్పటికి ఇక్కడ సముద్రం ఉండేదా? ఈ రెండవ ప్రశ్న వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు ఏ పుస్తకం తెరవాలి? ఏ భాషలో తెరవాలి? శిక్షణ తరగతులు సంవత్సరంలో కొద్ది దినాలే. తక్కిన దినాలన్నిటిలోను ఉపాధ్యాయునికి గురువు పుస్తకమే. అట్టి పుస్తకాలు తెలుగులో లేవని గుర్తించి, వాటిని సిద్ధం చేయడమే తన జీవితకృత్యమని నమ్మిన మహనీయుడు ఒకరు దాచేపల్లికి ఎక్కువ దూరం లేని గ్రామంలోనే పుట్టారు. కృష్ణ దాటితే జగ్గయ్యపేట సీమ. అక్కడి నేలలోనూ సున్నపురాయే. మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారి జన్మస్థలం. నాడు అది కృష్ణా మండలంలోనిది. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరం మే 18వ తేదీన జన్మించారు. తండ్రి వెంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. మూడేండ్ల ప్రాయంలోనే తండ్రి గతించగా, సవతి అన్నగారైన శంకరరావుగారి ప్రాపున భువనగిరిలో బాల్యవిద్య సాగింది. అక్క అచ్చమాంబగారు ఆయనకంటె మూడేండ్లు పెద్ద. ఆనాటి ఆచారం ప్రకారం ఆమెకు బాల్యంలోనే వివాహం జరిగింది. బడికి పంపినవారు లేరు. తమ్ముడు చదువుకొంటూ ఉండగా ఆమె పక్కనే కూర్చుండి అక్షరాలు నేర్చుకొన్నారు. ఒకరికి చెప్పిన పాఠాన్ని మరొకరు విని విదుషి అయిన ఈ ఉదంతాన్ని ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగును. ఆ అచ్చమాంబగారే పిమ్మట అబలా సచ్చరిత్ర రత్నమాల రచించి, తెలుగు కథానికకు ఆద్యులలో ఒకరుగా పేరు పొందారు. 1905లో, ముప్పది యొకటవ ఏడు నిండీ నిండకముందే ఆమె మరణించారు.

అచ్చమాంబగారి భర్త భండారు మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరుగా ఉండేవారు. బావగారి వద్ద ఉండి చదువుకోవడానికై లక్ష్మణరావుగారు నాగపురం చేరారు. ఎం.ఏ. పట్టం పుచ్చుకొన్నారు. సంస్కృతం, ఆంగ్లం, హిందీ, ఉర్దూ, బెంగాలీ ఆయనకు వచ్చును. మరాఠీ అయితే మాతృభాషవలెనే అయిపోయింది. మరాఠీ పత్రికలకు వ్యాసాలు వ్రాశారు. మోరోపంతు భారతాన్ని పరిష్కరించడంలో పాల్గొన్నారు. మహారాష్ట్రులు తమ భాషలో చరిత్రను, రాజనీతిని, శాస్త్రవిషయాలను నిస్సంకోచంగా చర్చించుకోవడం ఆయన అక్కడ కన్నులారా చూచారు. పరభాషలో ఇంతటి ప్రజ్ఞ సంపాదించినవారు సాధారణంగా ఆ భాషలోనే ఉండిపోతారు. ఈయన అట్లా ఉండిపోలేదు. మహారాష్ట్రులకు ఉన్నది ఆంధ్రులకు లేకపోవడం ఆయనకు మనస్తాపం కలిగించింది. ఆ మనస్తాపం ఫలితమే తరువాతి చరిత్ర యావత్తూ.

చదువు ముగించి లక్ష్మణరావుగారు మునగాల జమీందారు రాజా నాయని వెంకటరంగారావుగారి వద్ద దివానుగా కుదిరారు. నేడు సూర్యాపేట జిల్లాలో ఉన్న మునగాల నాడు విచిత్రమైన పరగణా. చుట్టూ నిజాం రాజ్యం. మధ్యలో ఈ భాగం మాత్రం చెన్నపురి రాజధానికి చేరినది. రెండు రాజ్యాల తెలుగువారినీ ఎరిగి ఉండడానికి అంతకంటె తగిన స్థలం లేదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం ఏర్పడింది. రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజావారు మొదలైన పెద్దలతోపాటు లక్ష్మణరావుగారు దాని స్థాపకులలో ఒకరు. ఉర్దూ రాజభాషగా ఉన్న ఆ నగరంలో తెలుగు పుస్తకం చదువుకోవడానికి ఒక చోటు కల్పించడం ఆనాడు సామాన్యకార్యం కాదు. మరి మూడేండ్లకు, 1904లో, హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం వెలసింది.

గ్రంథాలయం తెరిచినవారికి వెంటనే ఎదురైన చిక్కు ఒకటి ఉన్నది. బీరువాలలో పెట్టడానికి పుస్తకాలు ఏవి? ప్రబంధాలు, పురాణాలు, శతకాలు పుష్కలంగా ఉన్నవి. దేశచరిత్ర, భూతలవిషయాలు, ప్రకృతిశాస్త్రాలు తెలుగులో తెలిసికోగోరినవానికి దొరికేవి బహుస్వల్పం. కందుకూరి వీరేశలింగం పంతులుగారు శరీరశాస్త్ర సంగ్రహము, జ్యోతిశ్శాస్త్ర సంగ్రహము వంటివి వ్రాసి దారి చూపారు కాని, ఒక్కరు ఎన్ని శాస్త్రాలు వ్రాయగలరు? ఉన్నత పాఠశాలలో శాస్త్రబోధన ఆంగ్లంలోనే సాగుతూ ఉండేది. దిగువ తరగతుల తెలుగు ఉపాధ్యాయునికి ఆంగ్లం అంతగా రాదు. కాబట్టి, తాను చెప్పవలసిన పాఠానికి మించి ఒక్క మాట తెలిసికొనే అవకాశం అతనికి లేదు.

ఈ లోటు తీర్చడానికే 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమాల పుట్టింది. లక్ష్మణరావుగారు దానికి సంపాదకులు, ప్రాణభూతులు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, ఆచంట లక్ష్మీపతిగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు ఆ మండలిలో ఆయనకు చేదోడువాదోడుగా నిలిచారు. గాడిచర్లవారి అబ్రహాము లింకను చరిత్రము మాలలో తొలి కుసుమం. 1908లో మండలి కార్యస్థానం మద్రాసుకు మారింది. పిమ్మట చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము, కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రము, లక్ష్మణరావుగారి హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము వంటివి వెలువడినవి. సాహిత్యచరిత్రలు వ్రాసేవారు ఈ పేర్లనే తరచుగా తలచుకొంటారు. మన ప్రస్తుతవిషయానికి ముఖ్యమైనవి మాత్రం వేరు. మంత్రిప్రెగడ సాంబశివరావుగారి పదార్థవిజ్ఞాన శాస్త్రము, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము ఈ మాలలోనివే. రసాయనశాస్త్రం మీద కూడా ఒక గ్రంథం వచ్చింది. వ్యాధులను గూర్చి సామాన్యులకు అర్థమయ్యేటట్లు చిన్న పుస్తకాలు వెలువడినవి.

మలేరియా విషయమే తీసికొనండి. దోమ కడుపులో ఆ వ్యాధిక్రిమి పెరుగుతున్నదని రొనాల్డు రాసు కనుగొన్నది 1897లో, సికింద్రాబాదులో. గ్రంథమాల పుట్టింది ఆ పక్క ఊరిలోనే, తొమ్మిదేండ్లకు. మన గడ్డమీద జరిగిన ఆ పరిశోధన విలాయతి పత్రికలకు ఎక్కి లోకమంతా తెలిసింది. ఆ ఊరి తెలుగు ఉపాధ్యాయునికి మాత్రం తెలియడానికి మార్గం లేదు. లక్ష్మణరావుగారు పూడ్చబూనిన అగాధం ఇటువంటిది.

శాస్త్రగ్రంథం తెలుగులో వ్రాయబూనినవానికి మొదటి పేజీలోనే మాటల కరవు ఎదురవుతుంది. సున్నపురాతినుంచి వెలువడే వాయువును ఏమని పిలవాలి? బొగ్గు కాలితే వచ్చేది, నీటిలో కలిస్తే పులుపు రుచి గలది కావున బొగ్గుపులుసు వాయువు అన్నారు. నేటి విద్యార్థులు ఈ పేరు విని నవ్వవచ్చును. కాని వంటింటి పులుసు ఎరిగిన పిల్లవానికి ఆ మాట సగం పాఠం చెబుతుంది. ఆక్సిజనుకు రెండు పేర్లు ఏర్పడినవి. ప్రాణవాయువు అనేది దాని పనినిబట్టి వచ్చినది. ఆమ్లజని అనేది గ్రీకు ధాతువుల అర్థాన్ని అనుసరించినది. ఆమ్లాన్ని పుట్టించేది అని భావం. ఆ పేరు పెట్టిన లవోయిజియే అనే ఫ్రెంచి పండితుడు, ఆమ్లాలన్నిటిలో ఈ వాయువు ఉండితీరుతుందని భ్రమించాడు. హైడ్రోక్లోరికామ్లంలో అది లేదని కొన్నేండ్లకు డేవీ పరిశోధనల వలన తేలింది. పొరపాటు తేలింది గాని పేరు నిలిచిపోయింది. ఆ పొరపాటు అనువాదమై ఆమ్లజని రూపంలో మన భాషలోకీ వచ్చింది. ఉదజని అంటే నీటిని పుట్టించేది. ఉదజనిని మండిస్తే నీరు వస్తుంది కావున ఈ పేరు యథార్థం. తరగతిలో ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి అరగంట మాట్లాడితే, శాస్త్రం ఎట్లా తప్పుచేసి ఎట్లా దిద్దుకొంటుందో పిల్లలకు తేటతెల్లమవుతుంది. పరికరాలు లేవని విచారించే ఉపాధ్యాయులు ఇది ఒకసారి చేసి చూడవచ్చును.

మాటల ఎంపికలో ఆనాటివారు కొన్నిచోట్ల సంస్కృతం పాలు ఎక్కువ చేశారని నా అభిప్రాయం. బట్టీ దగ్గరి కూలివాడు, పత్తిచేను దున్నే రైతు, మిరపతోటలో తెగులు గుర్తుపట్టే ముసలమ్మ వాడే మాటలలో ఎన్నో శాస్త్రానికి పనికివచ్చేవే. గుల్లసున్నం అన్నంత స్పష్టంగా చెప్పే సంస్కృతపదం దొరకదు. అయినా తొలి బాట వేసినవానిని, బాట వంకరగా ఉన్నదని తప్పుపట్టడం న్యాయం కాదు.

విడివిడి గ్రంథాలతో లక్ష్మణరావుగారికి తృప్తి కలగలేదు. ఏ విషయం కావలెనన్నా ఒకేచోట, ప్రమాణసహితంగా, తెలుగులో దొరకాలి. ఆంగ్లేయులకు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా ఉన్నట్లు ఆంధ్రులకు ఒక విజ్ఞానసర్వస్వం ఉండాలి. వంగదేశంలో నగేంద్రనాథ వసువు విశ్వకోశాన్ని 22 సంపుటాలలో 1911 నాటికి పూర్తిచేశారు. తెలుగులో ఆ పనికి లక్ష్మణరావుగారు పూనుకొన్నారు. పండితులచేత వ్యాసాలు వ్రాయించడం, వచ్చినవాటిని అక్షరమక్షరం పరిశీలించడం, సరిపడకపోతే తానే తిరిగి వ్రాయడం, శాసనాలు చదవడం, అచ్చుప్రతులు దిద్దడం, చందాదారులకు ఉత్తరాలు వ్రాయడం అన్నీ ఆయన మీదనే పడినవి. రాజద్రోహ నేరంపై 1908లో శిక్షపడి కారాగారవాసం చేసివచ్చిన గాడిచర్లవారిని దగ్గరికి తీయడానికి పలువురు జంకుతున్న రోజులలో, లక్ష్మణరావుగారు ఆయనకు ఈ కృషిలో చోటిచ్చారు. తరువాత మహాచారిత్రకుడుగా ప్రసిద్ధి గాంచిన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు యౌవనంలో పరిశోధన నేర్చినది కూడా ఈ కార్యాలయంలోనే.

ఆంధ్ర విజ్ఞానసర్వస్వం మొదటి సంపుటం 1915లో వెలువడింది. తరువాత మరి రెండు సంపుటాలు వచ్చినవి. ఈ మూడు సంపుటాలూ కలిసి అకారాన్ని దాటలేదు.

ఇక్కడ ఒక ఉపాధ్యాయుని దృష్టితో ఆలోచించి చూడాలి. అకారాది క్రమం పండితునికి అనుకూలం; బోధకునికి అంత అనుకూలం కాదు. అయస్కాంతం అకారంలోనే పడుతుంది. ఉష్ణం కోసం ఉకారం దాకా, కాంతి కోసం కకారం దాకా వేచి ఉండాలి. విద్యుత్తు వకారంలో ఎక్కడో ఉంటుంది. అయస్కాంతాన్నీ విద్యుత్తునూ విడదీసి చెప్పడం కుదరదని పదార్థవిజ్ఞానం ఎరిగినవారికి తెలుసు. అక్షరక్రమం మాత్రం వాటిని వర్ణమాల రెండు కొనల దగ్గర కూర్చుండబెడుతుంది. పని మధ్యలో ఆగిపోతే, ఆ క్రమంలో మిగిలేది ఏ ఒక్క శాస్త్రమూ పూర్తిగా లేని గ్రంథం. విషయక్రమాన్ని అనుసరించి, ఒక సంపుటం రసాయనానికి, ఒక సంపుటం జీవశాస్త్రానికి కేటాయించి ఉంటే, మూడు సంపుటాలతో ఆగినా మూడు శాస్త్రాలు ఆంధ్ర ఉపాధ్యాయుల చేతికి సమగ్రంగా అంది ఉండేవి. లక్ష్మణరావుగారంతటి దూరదర్శికి ఇది తోచలేదా అనిపిస్తుంది. ఆయన బహుశా తన ఆయుర్దాయాన్ని లెక్కలోకి తీసికొనలేదు.

మహారాష్ట్రంలో శ్రీధర వేంకటేశ కేత్కరు పండితుడు ఇదే సంకల్పంతో 1916లో బయలుదేరాడు, అదీ నాగపురం నుంచే. ఆయన వాటాలు సేకరించి ఒక సంఘాన్ని ఏర్పరిచాడు. కార్యాలయంలో పనివారిని పెట్టుకొన్నాడు. గడువులోపల పని ముగించాలని పట్టుబట్టాడు. మహారాష్ట్రీయ జ్ఞానకోశం 23 సంపుటాలతో పూర్తయింది. మన కార్యం ఒక వ్యక్తి పాండిత్యం మీద, ఇద్దరు ముగ్గురు దాతల ఔదార్యం మీద ఆధారపడి నడిచింది. దాతలలో ముఖ్యులైన రావిచెట్టు రంగారావుగారు 1910లోనే స్వర్గస్థులైనారు. పరిపూర్ణత కోసం లక్ష్మణరావుగారు పడిన తపన గొప్పది. ఆ తపనే గ్రంథాన్ని ఆలస్యం చేసింది కూడా. ప్రతి వ్యాసం తన చేతిమీదుగా పోవాలనే నియమం కొంత సడలించి ఉంటే బాగుండునని, ఆయన మీద ఎంత భక్తి ఉన్నా, అనుకోకుండా ఉండలేము.

మద్రాసులో ఆయన నివాసం వేదవిలాసం. పండితులకు, దేశభక్తులకు, విద్యార్థులకు అది సత్రం వంటిది. 1919 మే 27వ తేదీన కందుకూరి వీరేశలింగం పంతులుగారు తుదిశ్వాస విడిచినది ఆ ఇంటిలోనే. శరీరశాస్త్రాన్నీ జ్యోతిశ్శాస్త్రాన్నీ తెలుగులోకి తెచ్చిన ఆ వృద్ధుడు, ఆ పనిని నూరంతలు చేయబూనిన నడివయసువాని ఇంట కన్నుమూశారు. పిమ్మట నాలుగేండ్లు దాటిన కొద్దికాలానికే, 1923 జూలై 12వ తేదీన, అదే ఇంటిలో లక్ష్మణరావుగారు మరణించారు. ఆయనకు అప్పటికి నలుబది యారేండ్లు.

హైదరాబాదులో అంతకుముందు సంవత్సరమే మొదలైన ఆంధ్ర పరిశోధకమండలి ఆయన పేరు ధరించి లక్ష్మణరాయ పరిశోధకమండలి అయింది. మేనత్త పేరు పెట్టుకొన్న కుమార్తె, రెండవ అచ్చమాంబగారు, వైద్యశాస్త్రం చదివి డాక్టరై, 1957లో విజయవాడనుంచి లోకసభకు ఎన్నికైనారు. విజ్ఞానసర్వస్వం భారాన్ని దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు తలకెత్తుకొన్నారు. ఎక్కడ ఆగిందో అక్కడ నుంచి కాక, పూర్వ సంపుటాలను సవరించి, పెంచి, మళ్ళీ అకారంనుంచే ముద్రణ ప్రారంభమయింది. రెండు సంపుటాలు వచ్చిన పిమ్మట 1938లో నాగేశ్వరరావు పంతులుగారు కూడా పరమపదించారు. రెండవసారి కూడా అకారం దగ్గరే నిలిచిపోవడం ఆంధ్రుల దురదృష్టం.

1947లో తెలుగు భాషాసమితి ఏర్పడినప్పుడు నిర్వాహకులు అక్షరక్రమాన్ని విడిచిపెట్టారు. విషయానికొక సంపుటం చొప్పున కొత్త విజ్ఞానసర్వస్వాన్ని తలపెట్టి, ఒకదాని తరువాత ఒకటిగా వెలువరించారు. ఏ సంపుటానికి ఆ సంపుటమే సమగ్రం కావడం చేత, పాఠశాల గ్రంథాలయాలకు అవి ఉపయోగపడినవి. 1968లో నెలకొన్న తెలుగు అకాడమి కళాశాల స్థాయి శాస్త్రగ్రంథాలను, పారిభాషిక పదకోశాలను ప్రచురించింది. బొగ్గుపులుసు వాయువు పోయి కార్బన్ డయాక్సైడు నిలిచింది. ప్రాణవాయువు మాత్రం ఆసుపత్రులలోనూ పత్రికలలోనూ నేటికీ బ్రతికి ఉన్నది. విజ్ఞానచంద్రికా గ్రంథమాల పుస్తకాలను ఛాయాచిత్రాలు తీసి అంతర్జాలంలో ఉంచారు కావున, దాచేపల్లి ఉపాధ్యాయుడు వాటిని నేడు తన చేతిఫోనులోనే తెరిచి చూడవచ్చును. అచ్చు మసకబారినా అక్షరాలు తెలుస్తాయి.

వేదవిలాసంలో యువకుడుగా అచ్చుప్రతుల మధ్య కూర్చున్న మల్లంపల్లి సోమశేఖరశర్మగారు, చాలా ఏండ్ల తరువాత తెలుగు భాషాసమితివారి విజ్ఞానసర్వస్వం పనిలో చేరారు. 1963లో మరణించేవరకు ఆయన ఆంధ్రచరిత్ర పరిశోధన మానలేదు.